యంత్రం వుంది గదా, ఇంక తెలుగెందుకు అనేవారికి

మన కుటుంబాల్లో ఈ ఏడాది ఒక వాదం బయల్దేరింది. ఈ పేజీలో తెలుగు భాగం ఆపేయాలంట. తమిళమూ ఇంగ్లీషూ పెడితే చాలునంట. తెలుగు కావాలన్నవాడు ఫోనులో మీట నొక్కుకొంటే యంత్రమే తెలుగు చేసి పెడుతుంది గదా, దానికి ఇద్దరు పెద్దవాళ్ళు కూర్చొని తప్పులు దిద్దడం ఎందుకు, ఆదివారం పూట పిల్లలచేత ఓనమాలు దిద్దించడం ఎందుకు అని అడుగుతున్నారు. అడిగేవాళ్ళు పరాయివాళ్ళు కారు. మన బిడ్డలే, బాగా చదువుకొన్నవాళ్ళే. కొందరు కంప్యూటర్ ఉద్యోగాల్లో వున్నవాళ్ళు. అందుచేత జవాబు మర్యాదగా చెప్పాలి, అయితే గట్టిగా కూడా చెప్పాలి.

మా జవాబు ఇది. యంత్రానికి తెలిసింది రాసిపెట్టిన తెలుగు. మన ఇళ్ళలో వున్న తెలుగు రాసిపెట్టింది కాదు, నోటి మీద నిలిచింది. లేని సరుకును యంత్రం ఎక్కడినుంచి తెచ్చి ఇస్తుంది? వేరే తెలుగు ఏదో తెచ్చి మన చేతిలో పెడుతుంది, అది మనదే అనుకొని మనం పుచ్చుకొంటాము. ఈ మోసంలో యంత్రం తప్పేమీ లేదు. పుచ్చుకొనేవాళ్ళదే తప్పు.

యంత్రాలంటే మాకు కోపం లేదు. రాజపాళయం యంత్రమంటే భయపడే ఊరే కాదు. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా గారు రాజపాళయం మిల్స్ పెట్టినప్పటినుంచీ నూలు మిల్లుల కూతకు లేచి పనికి పోయిన ఊరు ఇది. పక్కన సత్రపట్టిలో ఆసుపత్రులకు కావలసిన కట్టుగుడ్డ నేస్తారు. మిల్లులో పని చేసిన ఏ మనిషినైనా అడగండి, ఒక సంగతి చెప్తాడు. యంత్రం ఎంత కొత్తదైనా సరే, లోపలికి పోయే పత్తిని బట్టే బయటికి వచ్చే నూలు. పొట్టి పింజ వేసి సన్న నూలు తీయమంటే ఏ యంత్రమూ తీయదు. భాషను మార్చే యంత్రం కూడా అంతే. దాని పత్తి ఏమిటో చూడకుండా నూలు బాగుందని మురిసిపోతే ఎట్లా?

ఈ యంత్రం కథ కొంచెం చెప్పుకొందాము. 1949 ఏప్రిల్‌లో మన ఊరి పి.ఎస్. కుమారస్వామి రాజా గారు ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి పెద్ద అయినారు. తమిళులూ తెలుగువారూ మలయాళీలూ కన్నడిగులూ ఒకే సర్కారు కింద వున్న రాష్ట్రం అది. అదే ఏడు జూలైలో అమెరికాలో వారెన్ వీవర్ అనే శాస్త్రజ్ఞుడు, రహస్య లిపిని విప్పినట్టు కంప్యూటరుతో ఒక భాషను ఇంకొక భాషలోకి విప్పవచ్చునేమో అని ఒక పత్రం రాసి పంచిపెట్టినాడు. 1954 జనవరి 7న న్యూయార్కులో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయమూ ఐ.బి.ఎం. కంపెనీ కలిసి 60కి పైగా రష్యన్ వాక్యాలను ఇంగ్లీషు చేసి చూపించినాయి. ఆ యంత్రానికి తెలిసింది 250 మాటలు, 6 సూత్రాలు. మూడేండ్లలోనో ఐదేండ్లలోనో పని పూర్తయిపోతుందని అప్పుడు గట్టిగా ఆశపడ్డారు. 1966లో అమెరికా ప్రభుత్వం వేసిన ఆల్పాక్ అనే కమిటీ లెక్క చూసి, ఇది మనిషి చేసే అనువాదం కన్నా నిదానం, తప్పులెక్కువ, ఖర్చూ ఎక్కువ అని తేల్చింది. డబ్బు ఆగిపోయింది.

ఎందుకు కుదరలేదో 1960లోనే యెహోషువా బార్‌హిల్లెల్ అనే పండితుడు ఒక చిన్న వాక్యంతో చూపించినాడు. ఇంగ్లీషులో పెన్ అంటే కలం, పిల్లవాణ్ణి ఆడుకోను వదిలే చిన్న దడి కూడా పెన్నే. బొమ్మల పెట్టె పెన్నులో వుంది అంటే ఏ పెన్ను? పెట్టె కలంలో పట్టదని మనిషికి చెప్పనక్కర లేదు. యంత్రానికి అది ఎవరు చెప్తారు? మన చెప్పు సంగతి చూడండి. కాలికి తొడిగేదీ చెప్పే, నోటితో పలకమనేదీ చెప్పే. “వాకిట్లో చెప్పు చూసి వచ్చాడని చెప్పు” అంటే మన ఐదేళ్ళ పిల్ల కూడా తికమకపడదు.

తరవాత దారి మారింది. సూత్రాలు నేర్పడం మాని, మనుషులు ముందే అనువాదం చేసి పెట్టిన వాక్యాల జతలు గుట్టలుగా పోసినారు. 1990 ప్రాంతంలో ఐ.బి.ఎం. వాళ్ళు కెనడా పార్లమెంటు కార్యక్రమాలు తీసుకొన్నారు, అవి ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ పక్కపక్కన వుంటాయి గదా. ఏ మాట పక్కన ఏ మాట ఎన్నిసార్లు వచ్చింది అని లెక్కపెట్టడమే యంత్రం పని. గూగుల్ అనువాదం 2006లో మొదలై, 2011 జూన్‌లో తెలుగు తమిళాలను చేర్చుకొంది. 2017లో మన భాషలకు నాడీజాలం అనే కొత్త పద్ధతి వచ్చింది. దానితో వాక్యం ముక్కలు ముక్కలుగా కాక సాఫీగా రావడం మొదలుపెట్టింది. పద్ధతులు ఎన్ని మారినా పత్తి మాత్రం అదే. ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన వాక్యాలు.

ఇప్పుడు తెలుగుకు వున్న పత్తి చూద్దాము. మద్రాసు ఐ.ఐ.టి.లోని ఏఐ4భారత్ బృందం 2021లో సమానాంతర్ అనే పెద్ద సేకరణ బయటపెట్టింది. పదకొండు భారతీయ భాషలకూ ఇంగ్లీషుకూ మధ్య 4.97 కోట్ల వాక్యాల జతలు. గొప్ప పని, చేతులెత్తి దండం పెట్టాలి. అందులోనే మన భాషల్లో ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య 55 రకాల జతలు, మొత్తం 8.34 కోట్ల వాక్యాలు కూడా వున్నాయి. అయితే అవి ఎట్లా వచ్చాయి? ఒకే ఇంగ్లీషు వాక్యానికి ఎదురుగా తెలుగూ తమిళమూ దొరికితే ఆ రెంటినీ జతకట్టినారు. అంటే తెలుగుకూ తమిళానికీ చుట్టరికం కలిపింది ఇంగ్లీషే. నాలుగు వందల ఏండ్లుగా ఒకే వీధిలో, ఒకే ఇంట్లో, ఒకే నోటిలో వున్న రెండు భాషలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోను లండన్ చుట్టి రావలసి వచ్చింది!

ఆ దారిలో ఏమేం జారిపోతాయో వినండి.

మొదటిది, మేము, మనము. ఈ వ్యాసంలో మేము అని రాసినప్పుడు రాసేవాళ్ళం మాత్రమే. మనము అని రాసినప్పుడు చదివే మీరు కూడా లోపల వున్నారు. తమిళంలో ఇదే తేడాకు నాంగళ్, నామ్ అని రెండు మాటలున్నాయి. ఇంగ్లీషులో రెంటికీ వుయ్ ఒక్కటే. “రేపు మేము కులదైవం గుడికి పోతున్నాము” అంటే కబురు. “రేపు మనం గుడికి పోతున్నాము” అంటే పిలుపు. ఇంగ్లీషు మీదుగా పోయిన కబురు పిలుపై చేరవచ్చు, పిలుపు వట్టి కబురై చేరవచ్చు. మన కుటుంబాల్లో పిలవలేదనే మాట మీద ఎన్నేండ్లు రాకపోకలు ఆగిపోయినాయో మీకు తెలియనిదా?

రెండవది వరసలు. బాబాయి, పెదనాన్న, మామ. తమిళంలో చిత్తప్పా, పెరియప్పా, మామా అని చక్కగా ఎదురెదురుగా వున్నాయి. ఇంగ్లీషు దారిలో ముగ్గురూ అంకుల్ అయిపోతారు. అవతల ఒడ్డున ఆ అంకుల్ మామగా దిగితే ఏమవుతుంది? మనకు బాబాయి కూతురు చెల్లెలు. మామ కూతురు మరదలు. ఒక్క మాట తప్పితే తోబుట్టువు పెళ్ళికూతురు వరసకు పోతుంది. దీన్ని చిన్న తప్పు అని ఎవరైనా అంటే, వాళ్ళు పెళ్ళి సంబంధం మాట్లాడను ఎప్పుడూ కూర్చోలేదని అర్థం.

మూడవది ఒక్క అక్షరం. “ఆయన బాకీ తీర్చేశాడు” అంటే మేము ఎరుగుదుము. “తీర్చేశాడట” అంటే ఎవరో చెప్పగా విన్నాము, మాకు పూచీ లేదు. తమిళంలో చివర ఆమ్ అని తగిలించి ఇదే పని చేస్తారు. ఇంగ్లీషులో దీనికి ప్రత్యయం లేదు. అట ఊడిపోతే పుకారు సాక్ష్యమవుతుంది.

ఈ మూడూ తెలుగులో వున్నాయి, తమిళంలో వున్నాయి. పోయింది మధ్యలోనే. రెండు పక్కిళ్ళ మధ్య పిట్టగోడ మీదుగా అందించుకోవలసిన గిన్నెను సముద్రం దాటించి తెప్పించుకొంటే కూర ఒలికిపోదా?

సరే, నేరుగా మారిస్తే సరిపోతుందా అంటే అదీ సులువు కాదు. తెలుగులో “వచ్చింది” అంటే కోడలు వచ్చిందో ఆవు వచ్చిందో వాక్యాన్ని బట్టి తెలుసుకోవాలి. తమిళంలో మనిషికి ఒక రూపం, పశువుకు ఒక రూపం. ముందు వెనక తెలియని యంత్రం కోడలిని కొట్టంలో కట్టేస్తుంది. తెలుగులో అవసరం అంటే కావలసివుండడం. తమిళంలో అవసరం అంటే తొందర. తెలుగులో పసి అంటే లేత బిడ్డ, తమిళంలో పసి అంటే ఆకలి. చూడను ఒకటే, మనసులో వేరే. ఈ చిక్కులు విప్పగలిగింది రెండు భాషల్లో ఇల్లు కట్టుకొన్న మనుషులే. అట్లాంటి మనుషులం మనము. మనమే ఆ పని యంత్రానికి అప్పజెప్పి కూర్చొంటే, యంత్రానికి నేర్పేవాళ్ళెవరు?

ఇంక మన సొంత చిక్కు. మన పెద్దల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు, తమిళ అక్షరాల్లో రాస్తారు. పద్దు పుస్తకాలు, పెళ్ళి పాటలు, ఉత్తరాలు అన్నీ అట్లాగే వున్నాయి. తమిళ లిపిలో క, గ రెంటికీ ఒకే అక్షరం. ప, బ రెంటికీ ఒకే అక్షరం. మనం చదువుకొనేటప్పుడు ఇబ్బంది లేదు, మాట నోట్లో వుంది గనక కన్ను సర్దుకొంటుంది. యంత్రానికి ఆ నోరు లేదు. అది మొదట ఇది ఏ భాష అని చూస్తుంది. లిపి తమిళం, కనుక తమిళమే అనుకొంటుంది. అప్పుడు జరిగేది ఇది. గాలి అని రాస్తే కాలి అవుతుంది, తమిళంలో దానికి అర్థం ఖాళీ. బావి అని రాస్తే పావి అవుతుంది, అంటే పాపాత్ముడు. గుడి అని రాస్తే కుడి అవుతుంది, అంటే తాగడం. “తాత పొద్దున్నే లేచి గుడికి పోయినాడు” అని అవ్వ రాసిన ఉత్తరం చదివి, యంత్రం ఆ పుణ్యాత్ముణ్ణి పొద్దున్నే సారా కొట్టుకు పంపిస్తుంది. మనవడు తెలుగెరగనివాడైతే అదే నమ్ముతాడు.

మాట్లాడి చూపిస్తే సరిపోతుంది గదా, వినే యంత్రాలు కూడా వచ్చాయి గదా అంటారు. ఆ యంత్రాలు విన్న తెలుగు ఏది? వార్తల తెలుగు, హైదరాబాదు తెలుగు, విజయవాడ తెలుగు. మన ఇంట్లో “కడకి పోయి వస్తా” అంటే అంగడికి పోయి వస్తానని. తమిళ కడై మన నోట్లో కడ అయింది. పుస్తకాల తెలుగులో కడకు అంటే చివరకు. యంత్రం వినేది ఆ చివరనే. 2023లో వచ్చిన ఇండిక్‌ట్రాన్స్2 రాజ్యాంగం గుర్తించిన 22 భాషలనూ మారుస్తుంది, సంతోషం. ఆ 22లో తెలుగు అనేది ఒక్క పెట్టె. ఆ పెట్టెలో మన తెలుగుకు అర లేదు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో 42 లక్షలకు పైగా మనుషులు తమ భాష తెలుగు అని రాయించుకొన్నారు. ఇంతమంది నోటి మాటకు ఒక అర కూడా లేదంటే, దాన్ని నింపవలసినవాళ్ళు నింపలేదనే గదా?

తప్పులు వస్తే దిద్దుకొందాం అనే వాదం ఇంకొకటి. ఎవరు దిద్దుతారు? రెండు భాషలూ తెలిసినవాడికే తప్పు కనిపిస్తుంది. తెలుగు నేర్చుకోవద్దు, యంత్రం వుంది అన్నవాళ్ళే, యంత్రం తప్పుతే దిద్దుకొందాం అంటే ఎట్లా నమ్మడం? వెనకటి యంత్రాలు ఈ విషయంలో నిజాయితీ గలవి. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై హైదరాబాదుకు వచ్చిన అనుసారక అనే పనిముట్టును వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ గార్లు పాణిని వ్యాకరణం దారి పట్టుకొని చేసినారు. అది తెలుగు వాక్యాన్ని అందమైన హిందీ చేస్తానని బొంకలేదు. మూలంలో వున్నది వున్నట్టు మోటుగా పెట్టి, మిగతాది చదివేవాడు కష్టపడి అర్థం చేసుకోవాలంది. దాని తప్పు తప్పుగానే కనిపించేది. ఇప్పటి యంత్రం తప్పు కూడా నున్నగా చెప్తుంది. నత్తి లేదు, తడబాటు లేదు. అంత చక్కగా చెప్పినవాడు అబద్ధమెందుకు చెప్తాడని మనం ఊరుకొంటాము.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఒకటుంది. నెట్‌లో కనిపించే రాతలే రేపటి యంత్రాలకు పత్తి. మన ఊరి తెలుగులో రాసిన పుటలు ఎన్ని వున్నాయి? వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అందులో ఈ పేజీ ఒకటి. దీని మీద యంత్రం చేసిన తెలుగును రాజపాళయం కుటుంబం పేరుతో పెట్టినామనుకోండి. రేపు వచ్చే యంత్రం దాన్నే మన తెలుగు అనుకొని నేర్చుకొంటుంది, మన మనవలకు అదే తిరిగి చెప్తుంది. మన పేరుతో మనది కాని మాట చలామణి అవుతుంది. ఊరి బావిలో మనమే ఉప్పు కలిపి, నీళ్ళు చప్పగా లేవని తరవాత ఏడ్చి లాభం లేదు.

మన తెలుగు ఏమంత గొప్ప తెలుగు, సగం తమిళం కలిసిన కలగాపులగం, యంత్రం ఇచ్చేదే శుద్ధమైన తెలుగు అనేవాళ్ళు కూడా వున్నారు. ఈ మాట వింటే మాకు నిజంగా బాధ. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తిపదకోశం చేసినప్పుడు పండితుల ఇళ్ళకు పోలేదు. రైతుల దగ్గరకూ నేతవాళ్ళ దగ్గరకూ మనుషులను పంపి, వాళ్ళ నోటి మాటలు పోగుచేసినారు. వ్యవసాయం మాటలు 1962లో, చేనేత మాటలు 1971లో అచ్చయినాయి. దూరమెందుకు, కోవిల్‌పట్టి దగ్గర ఇడైచ్చేవల్‌లో తెలుగు ఇంట్లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు మన కరిసల్ నేల తమిళ మాటలకు నిఘంటువు కట్టినారు. బడి చదువులేని రైతుల మాటకు ఆయన ఇచ్చిన మర్యాద, మన అవ్వల మాటకు మనం ఇవ్వలేమా?

కనుక ఈ పేజీ తరఫున మేము చెప్పేది ఇది. తెలుగు భాగం ఆగదు. యంత్రం చేసిన తెలుగు ఇందులో అచ్చుకాదు. ఇంగ్లీషులో చదవాలనుకొనే బిడ్డల కోసం యంత్రం చిత్తుప్రతి చేస్తే అభ్యంతరం లేదు, రెండూ తెలిసినవారు దిద్దిన తరవాతనే అది ఇక్కడికి వస్తుంది.

ఇంక మనమందరం చేయవలసింది. ఒక్కొక్క ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి వారానికి పది వాక్యాలు ఫోనులో పట్టండి. వంట మాటలు, పొలం మాటలు, మిల్లు మాటలు, తిట్లు కూడా వదలొద్దు. పక్కనే తెలుగులో రాయండి. తెలుగు లిపి రానివాళ్ళు తమిళ అక్షరాల్లోనే రాయండి, అయితే త్యాగరాజ కీర్తనల తమిళ పుస్తకాల్లో వేసినట్టు అక్షరం పక్కన అంకె వేయండి. గ అయితే 3, బ అయితే 3. అప్పుడు తాత గుడికే పోతాడు, బావి బావిగానే వుంటుంది. దాని కింద అదే వాక్యాన్ని తమిళంలో రాయండి, ఇంగ్లీషు జోలికి పోకుండా. మేము మేముగా, మనము మనముగా, అట అటగా రావాలి. ఇంటికి పది వాక్యాలు, ఏడాదికి ఐదు వందలు. ఇరవై ఇళ్ళు కలిస్తే పదివేలు. తెలుగు నుంచి నేరుగా తమిళానికి, మనుషుల చేత్తో రాసిన పదివేల జతలు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన భాషిణిలో భాషాదాన్ అని జనం దగ్గర వాక్యాలు తీసుకొనే ఏర్పాటు కూడా వుంది. పత్తి మన దగ్గర వుంటే ఎక్కడ ఇవ్వాలో తరవాత తేల్చుకోవచ్చు.

కంప్యూటర్ ఉద్యోగాల్లో వున్న మన బిడ్డలకు ప్రత్యేకంగా ఒక మాట. తెలుగు ఆపేయమని అడిగే బదులు, ఈ వాక్యాలు ఒక చోట సరిగా చేర్చి భద్రపరిచే పని మీరు తీసుకోండి. అది మాకు చేతకాదు, మీకు చేతనవుతుంది. మాకు చేతనయింది మాట్లాడడం, మీరు అడగడానికి వస్తే చెప్పడం. తొంభై ఏండ్లు దాటినవాళ్ళు మన ఇళ్ళలో ఇంకా కొందరున్నారు. వచ్చే ఆదివారమే మొదలుపెట్టండి, ఈ పనిలో తొందరా వుంది, అవసరమూ వుంది.